పలుగురాతిలోని నల్లని పుల్లలు

గూడూరు ప్రాంతమునుండి సోదరి యొకరు ఇట్లు వ్రాసియున్నారు: "పొలములో కాలువ త్రవ్వుచుండగా పిడికెడంత పలుగురాయి దొరకినది. దానిలో నల్లని పుల్లలవంటివి నిగనిగలాడుచున్నవి. గోటితో గీచినను గీత పడదు. మా అత్తగారు దీనిని అంజనపురాయి యనుచున్నారు. నూఱి నేతితో కలిపి ఆఱునెలల మనుమనికి కాటుక పెట్టవలెనని వారి కోరిక. ఇది అంజనమేనా?"

పసివాని కన్నులకు సంబంధించిన ప్రశ్న గనుక ఈ మాసము దీనికే ఈ పుట నిచ్చుచున్నాను.

గూడూరు, సైదాపురము పరిసరములు అభ్రకమునకు ప్రసిద్ధములు. అచ్చటి శిలలలో పలుగురాతితో కూడి టూర్మలీను అను నల్లని ఖనిజము తఱచుగా నుండును. రాతిని పగులగొట్టక పగటివెలుతురున భూతద్దముతో చూడుడు. పుల్లకు నిలువుగా సన్నని చాళ్లుండి, విఱిగిన కొన ప్రక్కలుబ్బిన త్రికోణమువలె నున్నచో అది టూర్మలీనే. ఉక్కుసూదికిని లొంగదు. సూదిమొనతో రేకులుగా లేచి, వంచినను మరల చక్కనగునది నల్ల అభ్రకము. దారమునకు కట్టిన అయస్కాంతమును లాగుకొన్నచో సూదంటురాయి. మెఱుగులేని పింగాణి పెంకుపై గీచినపుడు కావిరంగు గీత పడెనా, అది ఇనుపరాయి. పగుళ్లలో నాచువలె అల్లుకొన్న నల్లని చిత్రములు మాంగనీసువలనను ఏర్పడును. అవి మొక్కలు కావు, ఎవరెంత వెల చెప్పినను సరే! ఖనిజము రాతి లోపలనే పూర్తిగా మునిగియున్నచో ఈ పరీక్షలు సాగవు, ఆకారమే ఆధారము.

ఇక అంజనము. శాస్త్రములలో నిది యొక్కటి కాదు. రసాంజనమైతే అసలు రాయియే కాదు, మ్రానిపసుపు కషాయమునుండి చేయునది. రాతి అంజనములుగా వాడుకలోనున్నవి ముఖ్యముగా రెండు. నీలిరాయి యను అంటిమనీ ఖనిజము సీసపువన్నె కలిగి గోటికే గీత పడును. ఈ సోదరి రాయి గోటికి లొంగలేదు గనుక అది కాదు. రెండవది సీసపురాయి. ఘనములుగా విఱుగును, లోహమువలె మెఱయును, నీటికంటె ఏడున్నర రెట్లు బరువు. పలుగురాయి రెండున్నర రెట్లకు కొంచె మెక్కుడు మాత్రమే. పుల్లల రూపమున నుండదు.

కావున నిది టూర్మలీనని నా అభిప్రాయము. అయినను నూఱవలదు. పలుగురాతి పొడి ఎంత మెత్తగా నూఱినను గాజుపొడివంటిదే, కనుపాపపై గీతలు పడును. ఆ ధూళి దంచువారి ఊపిరితిత్తులకును కీడు. నిజముగా సీసపురాయియే అయినచో మఱింత భయము: బిడ్డ కన్ను నులిమి చేయి నోట పెట్టుకొనును, సీసము కడుపులోనికి పోయి మెదడు ఎదుగుదలను చెఱచును.

అత్తగారితో వాదము వలదు. దిష్టికొఱకే యైనచో దీపపుమసితో అరికాలున చుక్క పెట్టుదమని చెప్పుడు. కంటిలో మాత్రము ఏ కాటుకయు వలదు. అంగడిలో సుర్మా పేర అమ్మునదియు పెక్కుచోట్ల సీసపురాతి పొడియే. ఇదివఱకే అట్టిది పెట్టియున్నవారు బిడ్డ బాగుగానే యున్నాడని ఊరకుండక, వైద్యునితో చెప్పి రక్తములో సీసమున్నదేమో పరీక్ష చేయింపవలెను.