మోచేయి మొర వినండి



ఈ శీర్షికలో మనం సాధారణంగా పిల్లల చదువు, ఇంటి మర్యాదల గురించి ముచ్చటించుకుంటాం. ఈ నెల మోచేతి నొప్పిని గురించి రాయవలసి వచ్చింది. అందుకు కారణం నేను చేసిన ఒక పొరపాటే.

మా ఆపా కుమారునికి ముప్పై ఎనిమిదేళ్లు. హన్మకొండలో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్లుగా వారానికి రెండు రోజులు, ఫజర్ నమాజు ముగిశాక మిత్రులతో కలిసి టెన్నిస్ ఆడేవాడు. ఉద్యోగుల పోటీలు దగ్గరపడ్డాయని ఒక్కసారిగా ప్రతిరోజూ గంటన్నర ఆడసాగాడు. కొత్త రాకెట్ కొని, దాని తీగలు గట్టిగా బిగింపించాడు. మూడు వారాలు తిరగకముందే కుడి మోచేతి వెలుపలి వైపు నొప్పి మొదలైంది. “మామూ, చాయ్ కప్పు ఎత్తినా నొప్పిగా ఉంటోంది” అన్నాడు. “ఆ మాత్రం సబర్ చేయలేవా బేటా?” అన్నాను నేను.

వాడు నా మాట విన్నాడు. ఎవరికీ చెప్పకుండా ఒక ఇంజెక్షన్ వేయించుకుని పోటీలు ఆడాడు. రెండు నెలల తర్వాత మా ఇంటికి వచ్చినప్పుడు, చేతులు చాచిన తన చిన్న కూతురిని ఎత్తుకోబోయి, మధ్యలోనే చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆ దృశ్యం చూశాక గాని నేనిచ్చిన సలహాలోని తప్పు నాకు తెలిసిరాలేదు. ఆపై నేనే వాణ్ణి ఎముకల వైద్యుని వద్దకు తీసుకువెళ్లాను. అక్కడ విన్నదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ మీ ముందుంచుతున్నాను.

నొప్పి మూలం ఎక్కడ?

చేతిని చాచి, మోచేతి వెలుపలి వైపు తడిమి చూడండి. ఎముక గుబ్బ ఒకటి తగులుతుంది. మణికట్టును వెనక్కి ఎత్తే కండరాలు స్నాయుబంధనం అనే గట్టి తాడు వంటి భాగం ద్వారా అక్కడే ఎముకకు అతుక్కుని ఉంటాయి. మనం దేన్నైనా గట్టిగా పట్టుకున్నప్పుడు మణికట్టు వంగిపోకుండా ఈ కండరాలే నిలబెడతాయి. కనుకనే నొప్పి మోచేతిలో ఉన్నా, కప్పు పట్టుకున్నప్పుడు, కరచాలనం చేసినప్పుడు, తాళం తిప్పినప్పుడు అది బయటపడుతుంది.

చాలామంది దీన్ని వాపుగా భావిస్తారు. వాస్తవానికి ఎక్కువమందిలో ఇది అరుగుదల. శ్రమ వల్ల స్నాయుబంధనంలోని పోగులు సూక్ష్మంగా చిట్లుతూ ఉంటాయి. తగిన విరామం దొరికితే శరీరమే వాటిని బాగుచేసుకుంటుంది. అయితే ఆ భాగానికి రక్తప్రసరణ తక్కువ కాబట్టి మరమ్మతు నిదానంగా సాగుతుంది. నిన్నటి చిట్లు పూడకముందే నేటి భారం మీద పడితే పోగుల అమరికే చెడిపోతుంది. అంటే ఇది ఒక్క దెబ్బతో వచ్చే గాయం కాదు, చిన్న చిన్న భారాలు పేరుకుపోయిన బాకీ.

పేరును చూసి ఇది టెన్నిస్ ఆడేవారి వ్యాధి అనుకోరాదు. 1873లో రుంగె అనే జర్మన్ వైద్యుడు ఈ నొప్పిని తొలిసారి వర్ణించినది, చేతితో రాసేవారికి వచ్చే బాధల సందర్భంలో. టెన్నిస్ పేరు దీనికి అతుక్కున్నది మరో పదేళ్లకు, ఇంగ్లండులో. జీవితమంతా కలంతోనూ సుద్దముక్కతోనూ గడిపిన నావంటి వారికి ఈ చరిత్ర ఒక హెచ్చరికే.

ఆటలో తప్పు ఎక్కడ జరుగుతుంది?

నిత్యం ఆడే వృత్తి క్రీడాకారుల కంటే, తీరిక వేళల్లో ఆడేవారికే ఈ నొప్పి ఎక్కువగా వస్తుంది. అందులోనూ ముప్పై ఐదు దాటినవారు అధికం. ప్రధాన కారణం ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్. నేర్పరి భుజాన్నీ నడుమునూ తిప్పి, బంతిని తన శరీరానికి ముందే అందుకుంటాడు. బంతి తగిలే క్షణంలో అతని మణికట్టు స్థిరంగా ఉంటుంది. కొత్తవాడు ఆలస్యంగా కదిలి, మోచేతిని ముందుకు పొడిచి, మణికట్టును వంచి కొడతాడు. అప్పుడు బంతి అదురు మొత్తం ఆ చిన్న స్నాయుబంధనం మీదే పడుతుంది.

పనిముట్లకూ ఇందులో వాటా ఉంది. అతిగా బిగించిన తీగలు, బిరుసైన పాలియెస్టర్ తీగలు, చేతికి సరిపడని పిడి, తడిసి బరువెక్కిన బంతులు అదురును పెంచుతాయి. బంతి రాకెట్ నడిమధ్యన కాక అంచున తగిలినా అంతే.

ముందు జాగ్రత్తలు

మొదటిది, మోతాదు. ఆడే సమయాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి. మా మేనల్లుడు వారానికి రెండు రోజుల ఆటను ఒక్కసారిగా ఏడు రోజులు చేశాడు. రాకెట్ మార్చినప్పుడు కూడా మొదటి వారాలు తక్కువ ఆడాలి.

రెండవది, పద్ధతి. శిక్షకుని ఎదుట బ్యాక్‌హ్యాండ్ సరిచేసుకోవాలి. రెండు చేతులతో కొడితే భారం పంచుకోబడుతుంది. బంతి కొట్టనప్పుడు పిడిపై పట్టు సడలించాలి.

మూడవది, పనిముట్టు. తీగల బిగింపును రెండు మూడు పౌండ్లు తగ్గించి చూడాలి. పిడిని పట్టుకున్నప్పుడు వేళ్ల కొసలకూ అరచేతికీ నడుమ రెండవ చేతి చూపుడువేలు పట్టేంత సందు ఉంటే కొలత సరిపోయినట్లే.

నాల్గవది, బలం. ముంజేతిని బల్లపై ఆనించి, అరచేయి కిందికి ఉండేలా మణికట్టును అంచు బయటికి ఉంచండి. నీళ్లు నింపిన అర లీటరు సీసాను పట్టుకుని, రెండవ చేతి సాయంతో మణికట్టును పైకెత్తి, సాయం వదిలి, ఐదు లెక్కపెడుతూ నిదానంగా దించండి. పదిహేను సార్ల చొప్పున మూడు విడతలు చేయాలి. కొద్దిపాటి నొప్పి ఫర్వాలేదు, తీవ్రమైతే ఆపాలి.

మైదానం బయట

టెన్నిస్ కోర్టు ముఖం చూడని వారిలోనే ఈ నొప్పితో బాధపడేవారు ఎక్కువ. మన వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ మగ్గాలపై పంజాతో పోగులను రోజంతా దట్టించే చేతులను చూడండి. ఇంట్లో బట్టలు పిండే చేతులను, రొట్టెల పిండి కలిపే చేతులను, నిండు గిన్నెను పొయ్యి మీది నుంచి దించే చేతులను చూడండి. మోచేతికి రాకెట్ అయినా పంజా అయినా ఒకటే. బరువును అరచేయి పైకి ఉండేలా, రెండు చేతులతో, ఒంటికి దగ్గరగా ఎత్తాలి. తడిబట్టల మూటను ఒక్కరి మీదే వేయక ఇంటిల్లిపాదీ పంచుకోవాలి. ఇల్లాలు “మోచేయి లాగుతోంది” అన్నప్పుడు, నేను మేనల్లునికి చెప్పిన జవాబు చెప్పకండి.

నొప్పి వచ్చేసిన తర్వాత

నొప్పి పుట్టించే పనిని తగ్గించాలి, అలాగని చేతిని కదల్చకుండా కట్టి ఉంచరాదు. మోచేతికి కొద్దిగా దిగువన ముంజేతికి కట్టే పట్టీ కొందరికి ఉపశమనమిస్తుంది. పైన చెప్పిన వ్యాయామాన్ని ఫిజియోథెరపిస్టు సలహాతో ఓపికగా చేయాలి. శస్త్రచికిత్స లేకుండానే ఎక్కువమందికి ఏడాదిలోపు నయమవుతుంది.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ విషయంలో తొందరపడకండి. ఆస్ట్రేలియాలో 198 మంది రోగులపై జరిపిన పరిశీలన 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. ఆరు వారాల నాటికి ఇంజెక్షన్ తీసుకున్నవారే అందరికంటే మెరుగ్గా ఉన్నారు. కాని అలా మెరుగైనవారిలో అత్యధికులకు నొప్పి తిరగబెట్టింది. ఏడాది గడిచేసరికి వ్యాయామం చేసినవారూ, ఊరకే వేచి ఉన్నవారూ వారికంటే మంచి స్థితిలో ఉన్నారు. మా మేనల్లుని విషయంలోనూ జరిగింది ఇదే.

వేళ్లలో తిమ్మిరి, మెడ నుంచి దిగే నొప్పి, జ్వరంతో కూడిన వాపు, మోచేయి చాపలేకపోవడం వంటివి ఉంటే, లేదా నొప్పి చిన్నపిల్లలకు వస్తే కారణం వేరే కావచ్చు. అప్పుడు ఆలస్యం చేయక వైద్యుని చూడాలి.

ఏది ఓర్పు?

2004లో సచిన్ టెండూల్కర్ ఈ నొప్పితోనే నెలల తరబడి ఆటకు దూరమై, మరుసటి ఏడాది శస్త్రచికిత్స చేయించుకున్నాడు. మన హైదరాబాదు సానియా మీర్జాను బాధించింది మణికట్టు. 2008లో శస్త్రచికిత్స జరిగింది, బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆట మధ్యలోనే విరమించవలసి వచ్చింది. కోర్టు వదలడం ఆమెకు ఓటమి కాలేదు. 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది, 2015లో డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ స్థానం అందుకుంది.

నొప్పిని దాచిపెట్టుకోవడాన్ని నేను ఓర్పు అనుకున్నాను. రోజూ పదిహేను సార్లు సీసాను నిదానంగా దించుతూ, ఆడాలని మనసు లాగినా ఆగుతూ, నెలల తరబడి నిరీక్షించడమే ఓర్పని మా మేనల్లుడు నాకు నేర్పాడు. ఏడు నెలలు పట్టింది. మొన్న వచ్చినప్పుడు వాడు కూతురిని కుడిచేత్తోనే ఎత్తుకున్నాడు. రాకెట్ గురించి నేను అడగలేదు. వాడే అన్నాడు: “వారానికి రెండు రోజులే, మామూ.”