షికారు - కెమెరా - న్యాయం

మన కళాశాలలో ఉర్దూ తరగతిలోను, తెలుగు తరగతిలోను వినిపించే మాటలలో 'షికారు' ఒకటి. కాని రెండు గదులలోను దాని అర్థం ఒకటి కాదు. ఉర్దూ విద్యార్థికి షికారనగానే వేట స్ఫురిస్తుంది. తెలుగు విద్యార్థికి సాయంకాలం చెరువుగట్టు మీదికి పోయే విహారం స్ఫురిస్తుంది. ఒక ఇంటి నుండి మరొక ఇంటికి వస్తూ ఆ మాట తన తుపాకిని గడప బయటనే వదలి వచ్చిందేమో అని నేను తరగతిలో హాస్యంగా అంటూ ఉంటాను. ఆ హాస్యాన్ని గూర్చి గంభీరంగా ఆలోచించవలసిన సందర్భం ఈ మధ్య ఒకటి వచ్చింది.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న మన పూర్వ విద్యార్థి ఒకడు నాకొక ఛాయాచిత్రం పంపినాడు. అర్ధరాత్రి వేళ. బూడిదరంగు వెలుతురులో ఒక మగజింక తల ఎత్తి నిలిచి ఉన్నది. చిత్రం అడుగున తేదీ, సమయం, ఆనాటి చలి ఎంతో అచ్చుపడి ఉన్నవి. "ఎవరు తీశారయ్యా?" అని అడిగితే, "ఎవరూ తీయలేదు సార్, చెట్టుకు కట్టిన కెమెరా తానే తీసింది. మా పొరుగాయన వేటకు ముందు ఇలా జింకల జాడ కనిపెడతాడు. ఇది న్యాయమేనా సార్?" అని అతడు తిరిగి నన్నే ప్రశ్నించినాడు. ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమే ఈ వ్యాసం.

ముందుగా ఆ పరికరం సంగతి. దీనిని ట్రెయిల్ కెమెరా అంటారు. జింకలు నడిచే దారి ప్రక్కన చెట్టు మొదలుకు, మనిషి నడుమెత్తున దీనిని కట్టివేస్తారు. వెచ్చని శరీరం గల ప్రాణి ఎదుట కదలగానే అందులోని గ్రాహకం ఆ వేడిమిలోని మార్పును పసిగడుతుంది. మరుక్షణమే చిత్రం పడుతుంది. రాత్రివేళ మన కంటికి దాదాపుగా కానరాని పరారుణ కాంతిని వెదజల్లి పని సాగిస్తుంది. ఉదయ సాయంకాలాల ఎండ కటకంపై పడకుండా ఉత్తరముఖంగా కట్టడం, తన వాసన జింకకు సోకకుండా మధ్యాహ్నం వేళ మాత్రమే పోయి చూచుకొనడం అనుభవజ్ఞుల పద్ధతి.

ఆ దేశంలో తెల్లతోక జింకల వేటకు శరదృతువులో నియమిత దినాలున్నవి. పెన్సిల్వేనియాలోని కొన్ని గ్రామసీమలలో ఆ రోజులలో బడులకు సైతం సెలవిస్తారు. వేసవిలో కెమెరా కట్టినవాడు ఏ జింక ఏ వేళకు సోయా చిక్కుడు చేలలోకి వస్తున్నదో తెలుసుకొంటాడు. కాని ఆగస్టులో తెలిసినది అక్టోబరుకు పనికిరాకపోవచ్చును. కొమ్ములపై మెత్తని తోలు రాలిపోగానే, అంతవరకు గుంపుగా తిరిగిన మగజింకలు విడిపోతవి. ఓక్ చెట్ల కాయలు రాలగానే మేతస్థలం మారిపోతుంది. నవంబరులో జోడు కూడే కాలం రాగానే అవి తమ వేళలన్నీ మరచి తిరుగుతవి. అందుచేత కెమెరా చూపినదానికి తన బుద్ధిని జోడించనివానికి ఫలితం దక్కదు. ఇంతవరకు ఇదొక విద్య అనే నేనంటాను.

విచిత్రమేమంటే ఈ పరికరానికి మూలపురుషుడనదగిన జార్జి షైరాస్ ఆ పెన్సిల్వేనియావాడే. న్యాయవాది, ఒక పర్యాయం కాంగ్రెసు సభ్యుడు. అన్నిటికంటె ముందు వేటగాడు. పడవ ముందుభాగంలో మంట వెలిగించి, ఆ వెలుగుకు నిశ్చేష్టమై నిలిచిన జింకను చీకటిలో నుండి కొట్టే పద్ధతిని ఓజిబ్వా ఆదివాసుల వలన ఆయన నేర్చినాడు. తరువాత అదే పడవలో తుపాకి స్థానాన కెమెరాను ఉంచినాడు. మృగం తగిలితే తానే చిత్రం పడేటట్లు దారికి అడ్డంగా తీగ కట్టినాడు. 1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన చిత్రాలను 74 ప్రకటించింది. తుపాకిని దించిన చేయి కనిపెట్టిన సాధనం నేడు తుపాకికి దారి చూపుతున్నది!

అసలు వివాదం సెల్‌ఫోను కెమెరాలతో వచ్చింది. పూర్వం వేటగాడు అడవికి పోయి కార్డు తీసి చూచుకొనవలసి వచ్చేది. ఇప్పుడు జింక చెట్టు ముందు నిలిచిన కొద్ది క్షణాలకే చిత్రం ఇంటిలో కూర్చున్నవాని చేతిలోనికి వస్తుంది. ఎడారి ప్రాంతమైన ఆరిజోనాలో నీటిగుంటలు తక్కువ. దాహం తీర్చుకొనడానికి మరొక చోటు లేని మృగాల మీద ఆ గుంటల చుట్టూ కెమెరాలు మొలిచినవి. వేటగాళ్ళలో వారికి వారికే తగవులు పెరిగినవి. 2022 జనవరి 1 నుండి ఆ రాష్ట్రం వేటకై ఈ కెమెరాలను వాడటం పూర్తిగా నిషేధించింది. నెవాడా, యూటా రాష్ట్రాలు కూడా వేట కాలానికి ఆంక్షలు విధించినవి. థియోడర్ రూజ్‌వెల్ట్ చొరవతో 1887లో ఏర్పడిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు వేటలో న్యాయాన్ని గూర్చి నియమాలు చెప్పే సంస్థ. చిత్రం అందిన వెంటనే లేచిపోయి కొట్టిన మృగాన్ని అది తన రికార్డులలో చేర్చుకొనదు.

కెమెరా పక్షాన చెప్పదగినది లేకపోలేదు. పెన్సిల్వేనియాలో మగజింక కొమ్ముకు నిర్ణీత సంఖ్యలో కొనలుంటే తప్ప కొట్టరాదనే నియమం 2002 నుండి ఉన్నది. ముందుగా చిత్రం చూచినవాడు లేతదానిని విడిచి ముదురుదానిని ఎంచుకొనగలడు. జింకలు మితిమీరితే అడవిలో లేతమొక్క మిగలదు. కనుక వేటయే తప్పు అని దూరాన కూర్చుండి తీర్పు చెప్పడం నాకు ఉచితంగా తోచదు. తుపాకులు, తూటాలపై 1937 చట్టం ప్రకారం వసూలయ్యే పన్ను అక్కడి వన్యప్రాణుల రక్షణకే చెందుతున్నది. ఇవన్నీ ఒప్పుకొంటూనే నేనొక గీత గీస్తాను. ముందుగా తెలుసుకొనడానికి వాడిన కెమెరా విద్య. ఆ క్షణాన పట్టి ఇచ్చే కెమెరా మోసం. మొదటి దానిలో జింకకు తన చెవి, ముక్కు, కాలు తోడున్నవి. రెండవ దానిలో దాని దాహమే దానికి శత్రువు.

విద్యార్థులకు ఇది సులభంగానే బోధపడవలెను. గత సంవత్సరాల ప్రశ్నపత్రాలు తిరగవేసి, ఏ పాఠం ముఖ్యమో గ్రహించి చదివినవానిని ఎవరూ తప్పుపట్టరు. పరీక్షనాటి ఉదయం అసలు ప్రశ్నపత్రమే చేతికి అందినవానిని ఏమంటాము? ఇద్దరికీ మార్కులు వస్తవి. ఒకనికే చదువు వస్తుంది.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అయినను కెమెరా మన అడవులలోను ఉన్నది. 2018 పులుల గణనకై 26,838 చోట్ల కెమెరాలు కట్టగా 3,48,58,623 చిత్రాలు వచ్చినవి. పులులవి వాటిలో 76,651 మాత్రమే. మన నల్లమలలో సైతం అవే కెమెరాలు కాపలా కాస్తున్నవి. పొరుగాయన చెట్టున ఉన్నదీ, మన అమ్రాబాదు అడవిలో ఉన్నదీ ఒకే యంత్రం. ఒకటి కొట్టడానికి లెక్కిస్తుంది, మరొకటి కాపాడటానికి లెక్కిస్తుంది. అయితే మనవాడు అంతమాత్రాన గర్వపడనక్కరలేదు. మన అడవులలో దొంగవేట ఉచ్చులు నేటికీ దొరుకుతున్నవి. ఉచ్చు వేసినవానికి చిత్రంతో పనే లేదు.

కనుక నా పూర్వ విద్యార్థికి నేను వ్రాసిన జవాబు ఇది: "నాయనా, మీ పొరుగాయనను ఒక్క ప్రశ్న అడుగు. ఈ కెమెరా పెట్టిన తరువాత ఆయన అడవిలో గడిపే కాలం పెరిగినదా, తగ్గినదా? పెరిగితే ఆయన వేటగాడే. తగ్గితే ఆయన వేటాడటం లేదు, తెప్పించుకొంటున్నాడు." యంత్రం మన కంటిచూపును పెంచవచ్చును. ఎక్కడ ఆగవలెనో చెప్పడం దాని పని కాదు. ఆ పని ఆరిజోనాలో శాసనం చేసింది. శాసనం లేనిచోట మనిషే చేసుకొనవలెను.