తలిదండ్రుల సంఘములు - చందాసొమ్ము

ప్రతి సంవత్సరము పాఠశాలలు తెరచునప్పుడు మన పట్టణములందు ఒక మాట వినవచ్చుచుండును. తలిదండ్రులును ఉపాధ్యాయులును కలిసి ఒక సంఘము పెట్టుకొందమని నలువురు పెద్దలు తలపెట్టుదురు. మొదటి సభకు అధ్యక్షుడు వచ్చును, పూలదండలు వచ్చును, ఉపన్యాసములు జరుగును. రెండవ సభకు కుర్చీలు మాత్రము వచ్చును. మూడవ సభ జరుగనే జరుగదు. ఇట్టి సంఘములు పుట్టినవి పుట్టినట్లే ఏల గిట్టుచున్నవో విచారింపక మరల క్రొత్తవానిని స్థాపింపబూనుట వృథాప్రయాస. ధనము లేక ఇవి నశించుచున్నవని పలువు రందురు. మే మట్లు తలపము. ధనము వచ్చు దారి మంచిది కాకపోవుటయే వీని చేటునకు మూలము.

చట్టము లేదని చెప్పుటకు వీలులేదు. 1998లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున పాఠశాలావిద్యలో ప్రజల భాగస్వామ్యమునకై ప్రత్యేక శాసనమే చేయబడినది. 2009 నాటి విద్యాహక్కు చట్టములోని 21వ సెక్షను ప్రకారము ప్రభుత్వ పాఠశాలలకును, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలకును యాజమాన్యసంఘము ఉండవలెను. అందలి సభ్యులలో నాలుగింట మూడుపాళ్లు తలిదండ్రులో సంరక్షకులో కావలెను. సగముమంది స్త్రీలు కావలెను. బలహీనవర్గముల బిడ్డల తలిదండ్రులకు వారి సంఖ్య ననుసరించి చోటుండవలెను. బడి నడచు తీరును కనిపెట్టుట, అభివృద్ధి ప్రణాళికను వ్రాయుట, వచ్చిన గ్రాంటులు ఎట్లు ఖర్చగుచున్నవో చూచుట ఆ సంఘపు పనులు. ఉపాధ్యాయులు తలిదండ్రులతో క్రమముగా సమావేశములు జరుపవలెనని 24వ సెక్షను విధించినది. 2024 డిసెంబరు 7వ తేదీన ఆంధ్రప్రదేశపు ప్రభుత్వ పాఠశాలలలో ఒకేనాడు తలిదండ్రుల సమావేశములు జరిగినవి. సంతోషమే. కాని పండుగ ఒక్కనాటిది. బడి ఏడాది పొడుగునను నడచును. శాసనము ఇల్లు కట్టి యిచ్చినది. కాపురము చేయవలసినవారము మనము.

చట్టసిద్ధమైన సంఘ ముండగా వేరొక సంఘ మేల యని కొంద రడుగుదురు. యాజమాన్యసంఘములో కూర్చుండువారు కొందరే. వారి వెనుక బడిలోని తలిదండ్రు లందరును నిలిచిననాడే వారి మాటకు బలము కలుగును. ఇక ప్రభుత్వ సహాయము లేని ప్రైవేటు పాఠశాలలకు 21వ సెక్షను వర్తింపనే వర్తింపదు. అచ్చట తలిదండ్రులు తమంతట తాము కూడుటకంటె గత్యంతరము లేదు.

ఇక ధనము మాట. మనవారు సంఘ మనగానే ముందుగా దాతను వెదకుదురు. దాత నాలుగు పంకా లిచ్చును. పంకారెక్కలపై తన పేరు వ్రాయించును. పిమ్మట యావజ్జీవము అధ్యక్షుడగును. ఎవని సొమ్మో వానిదే పెత్తనము. వెనుక వరుసలో నిలుచున్న కూలితల్లి, కుళాయిలో నీ రేల రాదని ఆ సభలో అడుగగలదా? అడుగలేని సంఘము ఉండియు లేనట్లే.

దాత దొరకనిచోట మరికొందరు బలవంతపు వసూళ్లకు దిగుదురు. బిడ్డను చేర్చుకొనునప్పుడే "సంఘనిధి" యని ఇంత పుచ్చుకొందురు. ప్రకటించిన ఫీజు గాక చేరికకై విరాళము పుచ్చుకొనుటను 13వ సెక్షను నిషేధించినది; పుచ్చుకొన్నదానికి పదిరెట్ల వరకు జుల్మానా విధించినది. పేరు మార్చినంతమాత్రమున నేరము మారదు. చందా యిచ్చుట ఇచ్చువాని ఇష్టము. అది బిడ్డ సీటునకు వెల కారాదు.

ప్రభుత్వము చేయవలసిన పనికి మే మేల చందా లియ్యవలెనని మూడవ పక్షమువా రడుగుదురు. ఈ ప్రశ్నలో సగము న్యాయ మున్నది. గోడలు, పుస్తకములు, ఉపాధ్యాయుల జీతములు ప్రభుత్వ ధర్మము. ఖాళీగా నున్న ఉద్యోగమునకు సంఘము జీత మిచ్చి మనిషిని పెట్టినచో ఆ ఖాళీ శాశ్వతమగును. కావున సంఘపు కాసు అందుకు వినియోగింపరాదు. సంఘము తన కాళ్లపై తాను నిలుచుటకే ఆ కాసు: కాగితములు, రసీదు పుస్తకము, తపాలా, 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద పెట్టు అర్జీలు, అధికారుల యొద్దకు పోయివచ్చు బస్సు ఖర్చులు. సమగ్ర శిక్షా పథకము క్రింద నూటికి పైబడి 250 వరకు పిల్లలుగల ప్రభుత్వ పాఠశాలకు ఏటా 50,000 రూపాయల గ్రాంటు నిర్ణయింపబడినది. అది ఎప్పుడు వచ్చినది, దేనికి ఖర్చైనది యని క్రమముగా అడుగు సంఘము, నాలుగు పంకాల నిచ్చు దాతకంటె బడికి ఎక్కువ మేలు చేయును.

లెక్క చూడుడు. 200 కుటుంబములు నెలకు పదేసి రూపాయ లిచ్చినచో నెలకు 2,000; ఏటికి 24,000 రూపాయలు. ఇంతకంటె అక్కరలేదు. ఇయ్యలేనివాడు ఈయకుండుగాక, వాని ఓటు మాత్రము పోరాదు. వేయి రూపాయ లిచ్చినవానికిని ఓటు ఒక్కటే. కోశాధికారి ప్రధానోపాధ్యాయుడు కారాదు, పెద్ద దాతయు కారాదు. బ్యాంకి ఖాతాకు ఇద్దరి సంతకములుండవలెను. అందొకరు తల్లి కావలెను. ప్రతినెల మొదటి తేదీన జమాఖర్చులు బడిగోడమీద అంటింపబడవలెను. 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము క్రింద ఏడుగురు కలిసిన సంఘమును రిజిస్టరు చేయవచ్చును. కాని దానికి తొందర వలదు. ఆరునెలలు సభలు జరిపి, లెక్కలు వ్రాసి, అలవాటు కుదిరిన పిమ్మట రిజిస్ట్రారు యొద్దకు పొండు. ముందు ప్రాణము, పిదప ముద్ర.

సభావేళ యన్నను చిన్న విషయము కాదు. పనిదినమున ఉదయము పదిగంటలకు పిలిచినచో కూలివానికి ఆనాటి కూలి పోవును, వాడు రాడు, రాలేదని వానినే మనము నిందింతుము. ఆదివారము సాయంకాలము పెట్టుడు. అందరును చాపలమీద కూర్చుండుడు. ఏ ఉపాధ్యాయుని గూర్చియైన ఫిర్యాదు లున్నచో వానిని బహిరంగసభలో ఎత్తరాదు; సభ పంచాయితీ కచ్చేరి కాదు. ఈ నియమము లేనిచో ఉపాధ్యాయులు భయపడి దూరమగుదురు. అట్లే బిడ్డను బడి మాన్పించి పనికి పంపిన తండ్రిని ప్రశ్నించు హక్కు ఉపాధ్యాయునకును ఉండవలెను.

ఇవి జరుగునా యని సందేహించువారు వెనుకకు చూతురుగాక. 1910లో బందరున జాతీయ కళాశాల వెలసినది ప్రజల విరాళములతోనే. న్యాయశాస్త్ర పట్టభద్రులైన కోపల్లె హనుమంతరావుగారు 1922లో కన్నుమూయువరకును దానికే జీవితమును ధారవోసిరి. 1918లో వేటపాలెమున పుట్టిన సారస్వత నికేతనము ఒక పల్లెటూరి పూనికయే. నాడు ప్రభుత్వము పరులది, చట్టము మనకు ప్రతికూలము. నేడు ప్రభుత్వము మనది, చట్టము మన పక్షము. పరాయిపాలనలో చేయగలిగినది స్వరాజ్యమున చేయలేకపోవుట సిగ్గుచేటు. తీరిక లేదను మాట మాకు వినిపింపకుడు. మా వకీళ్లు వాయిదాలకు, వర్తకులు బేరములకు, ఉద్యోగులు బదిలీలకు ఎంత దూరమైనను పోవుదురు. బిడ్డ చదువు బడికి నెలకు ఒక్క సాయంకాలము పోలేరా?

ఈ సంచికను చదువు పఠనమందిరమునందే ఏడుగురు తలిదండ్రు లుండకపోరు. చట్టము కోరు సంఖ్యయు అంతియే. ఆ ఏడుగురును నేడే ఒక కాగితముపై తమ పేర్లు వ్రాసికొని, పదేసి రూపాయలు వేసి, మొదటి రసీదు చింపుకొందురుగాక. ఎనిమిదవ పేరు దాతది కాక, పంకారెక్కపై ఏనాడును తన పేరు చూడని ఒక తల్లిది కావలెనని మా కోరిక.