చిప్ కొన్నంత మాత్రాన సంగీతం వినిపించదు

ధ్వనిని అంకెలుగా మార్చి దాచుకొనుట, ఆ అంకెలను మరల ధ్వనిగా మార్చి వినుట నేడు సర్వసాధారణమైపోయింది. 1982 అక్టోబరులో సోనీ సంస్థ జపాన్‌లో కాంపాక్ట్ డిస్క్ ప్లేయరును విక్రయానికి పెట్టినప్పటి నుండి, ఈ పని చేసే చిప్‌లు క్రమంగా చవకై, చిన్నవై, జేబులోని ఫోనులో సైతం ఒదిగిపోయాయి. సంతోషించవలసిన విషయమే. కాని ఈ సౌలభ్యం మన ఎలక్ట్రానిక్స్ విద్యార్థులలో ఒక అపోహను కూడా పెంచింది. మంచి చిప్ కొంటే మంచి ధ్వని దానంతట అదే వస్తుందన్నదే ఆ అపోహ. ప్రాజెక్టుల కాలంలో ఈ మాట ప్రతి బల్ల దగ్గరా వినిపిస్తుంది. దీనిని నేను అంగీకరించలేను.

ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి చదివే కళాశాల మనది. తర్జుమా ఎంత కష్టమైన పనో మనకు వేరే చెప్పనక్కరలేదు. నిఘంటువు ఎంత గొప్పదైనా అది ఒక్కటే అనువాదం చేయజాలదు గదా! డిజిటల్-అనలాగ్ పరివర్తక చిప్ కూడా అటువంటిదే.

ఉదాహరణకు 1980ల మధ్యలో ఫిలిప్స్ సంస్థ తయారుచేసిన టి.డి.ఎ. 1541 అనే 16 బిట్ల చిప్‌ను తీసుకుందాం. దానికి 28 కాళ్లు. ఒక్క విద్యుత్ సరఫరా చాలదు. +5, -5, -15 వోల్టులు మూడూ కావాలి. లోపలి ప్రవాహాలు ఒకదానికొకటి కచ్చితంగా సగం సగం కావాలి. తయారీలో అంతటి సమానత్వం అసాధ్యం గనుక, భాగాలను ఎడతెగకుండా పరస్పరం మార్చుతూ తేడాలను సగటు చేసే ఉపాయం అందులో ఉంది. ఆ మార్పిడి అలజడిని అణచడానికి చిప్ బయట 14 కెపాసిటర్లు, కాళ్లకు అతి సమీపంలో అమర్చాలి. ఇంతా చేస్తే చివరకు వచ్చేది వోల్టేజి కాదు, గరిష్ఠంగా 4 మిల్లీ ఆంపియర్ల ప్రవాహం మాత్రమే! పైగా, బయటకు వచ్చే కాలి వద్ద వోల్టేజి సున్నాకు అటూ ఇటూ 25 మిల్లీవోల్టులు దాటరాదు. అందుచేత ఆపాంపు ఒకటి, 1.5 కిలో ఓముల నిరోధం ఒకటి కలిపి ప్రవాహాన్ని వోల్టేజిగా మార్చాలి. ఆ పైన ఫిల్టరు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. 4 మిల్లీ ఆంపియర్లను 65,536 మెట్లుగా విభజిస్తే ఒక్కొక్క మెట్టు సుమారు 61 నానో ఆంపియర్లు. పై నిరోధంలో అది సుమారు 92 మైక్రోవోల్టులు. ఇప్పుడు బోర్డుపై గ్రౌండు రేకును చూడండి. 35 మైక్రాన్ల మందం, 1 మిల్లీమీటరు వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు గల రాగి రేకు నిరోధం దాదాపు 0.05 ఓములు. అందులో డిజిటల్ భాగపు ప్రవాహం 2 మిల్లీ ఆంపియర్లు పోతే 100 మైక్రోవోల్టుల తేడా ఏర్పడుతుంది. ధ్వని సంకేతం తిరిగి వచ్చే దారి కూడా అదే రేకు అయితే, పదహారవ బిట్టు అక్కడే సమాధి అయిందన్నమాట. క్లాక్ సంగతీ ఇంతే: 20 కిలోహెర్ట్‌జ్ పూర్తి స్థాయి ధ్వనిలో అర మెట్టు పొరపాటు రావడానికి సుమారు 121 పికోసెకన్ల తడబాటు చాలు.

“అయ్యా, అవి పాత చిప్‌లు, ఇప్పుడు అంత శ్రమ లేదు” అని విద్యార్థులు అంటారు. నిజమే. నేటి పి.సి.ఎం. 5102ఎ వంటి చిప్ ఒకే 3.3 వోల్టుల సరఫరాతో, ఋణ వోల్టేజిని తానే పుట్టించుకొని, 2.1 వోల్టుల సంకేతాన్ని నేరుగా ఇస్తుంది. సిస్టం క్లాక్ లేకున్నా బిట్ క్లాక్ నుండి దానిని తయారు చేసుకుంటుంది. అయితే అందుకు ఆ క్లాక్ కాలును గ్రౌండుకు కలపాలి. ఎందుకు కలపాలో తెలియకుండా, ఎవరో చెప్పారని కలిపే విద్యార్థికి ఆ చిప్ ఏమి నేర్పింది? పాత చిప్ తన కష్టాలన్నీ బయట పెట్టుకొని గురువువలె నిలబడింది. కొత్తది వాటిని కడుపులో దాచుకొంది. కాబట్టి పాతదానిని కాగితంపై లెక్కలు కట్టి చదవాలని, కొత్తదానిని చేతితో నిర్మించాలని నా అభిప్రాయం. పాతదానిని కొనబోవద్దు, తయారీ ఆగి చాలా కాలమైంది, అంగళ్లలో నకిలీలు మెండు.

కంప్యూటరులో అనుకరణ చేస్తే చాలదా అని పాలకవర్గంలోని పెద్దలు అడుగవచ్చును. ఖర్చు దృష్ట్యా అది న్యాయమైన ప్రశ్నే. కాని కంప్యూటరు తెరపై గ్రౌండు అంతటా పరిపూర్ణమైన సున్నా. మనంతట మనం ఆ 0.05 ఓములను గీస్తే తప్ప అది అందులో ఉండదు. గీయాలని తెలిసినవానికి ఆ పాఠం అక్కరలేదు.

నేను కోరుతున్నది పెద్ద ప్రయోగశాల కాదు. రెండు ఛానెళ్ల ఆసిలోస్కోపు ఒకటి, రాగి పూత బోర్డులు, నాలుగు సోల్డరింగ్ ఇనుములు, వారానికి ఒక మధ్యాహ్నం. చిల్లర భాగాలు కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. దీనితో పాటు ఒక నియమం కూడా పెట్టాలి: సిద్ధంగా కొని తెచ్చిన బోర్డుకు మార్కులు ఇవ్వరాదు, స్వయంగా చేసిన దానికైనా, దానిపైని ప్రతి కెపాసిటరు అక్కడే ఎందుకున్నదో ఉర్దూలోనో తెలుగులోనో చెప్పిన తరువాతనే మార్కులు వేయాలి.