నొప్పి లేని ఎరుపు

ఈ నెల మేము ఎత్తుకున్న సంగతి నలుగురిలో మాట్లాడుకొనేది కాదు. అందుకే పత్రికలో రాస్తున్నాము. ఒంటరిగా చదువుకోవచ్చు, చదివిన తరువాత భార్య భర్తకో, కొడుకు తండ్రికో చూపించవచ్చు.

శ్రీహరికోట చుట్టుపట్ల పులికాట్ సరస్సులో వలలు వేసేవారికి, సూళ్లూరుపేట, తడ వైపు పొలాల్లో ఎండకు వంగి పనిచేసేవారికి మూత్రం పచ్చగా, చిక్కగా రావడం అలవాటే. అందుచేత ఎప్పుడైనా ఒకరోజు ఎర్రగా వచ్చినా "వేడి చేసిందిలే" అనుకుంటారు. సబ్జా గింజల నీళ్లు, పల్చని మజ్జిగ, బార్లీ కాచి తాగుతారు. రెండు రోజులకు తేటపడుతుంది. మజ్జిగ పనిచేసిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. మూత్రాశయంలో పుట్టిన క్యాన్సరు గడ్డ నుండి కారే రక్తం తనంతట తానే వస్తుంది, తనంతట తానే ఆగిపోతుంది. మళ్లీ వారాలు, నెలలు కనబడకపోవచ్చు. మజ్జిగ తాగినా ఆగుతుంది, తాగకపోయినా ఆగుతుంది. లోపల గడ్డ మాత్రం అలాగే ఉంటుంది. రాయి ఉంటే నొప్పి తెలుస్తుంది, చీము పడితే మంట తెలుస్తుంది. మనిషి ఆసుపత్రికి పరుగెత్తుతాడు. ఈ జబ్బు తొలిరోజుల్లో చాలామందికి నొప్పీ ఉండదు, మంటా ఉండదు. నొప్పి లేని ఎరుపుకే ఎక్కువగా భయపడాలి.

సేవకులముగా మేము ఇళ్లకు వెళ్లినప్పుడు "ఒంట్లో బాగాలేదు అయ్యగారూ, ప్రార్థన చేయండి" అంటారే గాని, ఎక్కడ బాగాలేదో చెప్పరు. ఆడవారైతే మరీను. నెలసరి నిలిచి ఏళ్లయిన తల్లులు ఎర్రని చుక్కలు చూసి, అది గర్భసంచి నుండి వచ్చిందో మూత్రంలో వచ్చిందో తెలియక, ఎవరితోనూ చెప్పక ఊరుకుంటారు. అది ఏదైనా సరే, వైద్యుని దగ్గరకు వెళ్లవలసినదే.

ఈ జబ్బు ఆడవారికంటె మగవారికి మూడు నాలుగు రెట్లు ఎక్కువగా వస్తుంది. ఎక్కువమందికి యాభై అయిదు దాటిన తరువాతే బయటపడుతుంది. పెద్ద కారణము పొగాకు. దాదాపు సగం కేసులు దాని పుణ్యమే. చుట్టా బీడీ కాల్చితే ఊపిరితిత్తులు చెడతాయని అందరికీ తెలుసు, మూత్రాశయం ఎందుకు చెడుతుందని అడుగుతారు. పొగలోని విషము నెత్తురులో కలుస్తుంది, మూత్రపిండాలు దానిని వడగట్టి మూత్రంలోకి పంపుతాయి, ఆ మూత్రం గంటల తరబడి మూత్రాశయంలో నిలుస్తుంది. ఆ లోపలి పొర ఏళ్ల తరబడి విషములో నానుతుంది. రంగుల పరిశ్రమల్లో పనిచేసినవారికి కూడా ఇదే ముప్పు ఉన్నదని జర్మనీ దేశపు శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్ 1895లోనే చూపించాడు.

కంటికి ఎర్రగా కనబడేంత రక్తం రాకముందే కొద్దికొద్దిగా రావచ్చు. దానిని ఇంట్లోనే పట్టుకొనే సాధనము ఒకటి ఉన్నది. మూత్రములో ముంచి చూసే పట్టీ. చక్కెర జబ్బు కోసం వెనుకటి రోజుల్లో మూత్రమును నీలిరంగు ద్రావకంతో కాచి చూసేవారు, మా వయసువారికి గుర్తుండే ఉంటుంది. ఈ పట్టీకి కాచే పని లేదు. మందుల షాపులో అడిగేటప్పుడు రక్తమును చూసే గడి ఉన్న పట్టీ కావాలని చెప్పాలి. చక్కెర మాత్రమే చూసేది పనికిరాదు. శుభ్రమైన గిన్నెలో అప్పుడే పట్టిన మూత్రంలో ముంచి తీసి, డబ్బా మీద చెప్పినంతసేపు, సాధారణంగా ఒక నిమిషం, ఆగి డబ్బా మీది రంగులతో పోల్చాలి. రక్తం ఉంటే పసుపుపచ్చ గడి ఆకుపచ్చకు తిరుగుతుంది, లేదా పచ్చ చుక్కలు పడతాయి. సరస్సు గాలికి చెమ్మ ఎక్కువ గనుక డబ్బా మూత వెంటనే బిగించాలి. నెలసరి రోజుల్లో ఈ పరీక్ష వద్దు. విటమిన్ సి మాత్రలు ఎక్కువగా మింగితే రక్తం ఉన్నా పట్టీ చూపించకపోవచ్చు. క్షయకు వాడే రిఫాంపిసిన్ వలన మూత్రం ఎర్రబడుతుంది, అది రక్తము కాదు. బీట్‌రూట్ తిన్నా అంతే.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ మెస్సింగ్ అనే వైద్యుడు, ఆయన తోటివారు యాభై ఏళ్లు నిండిన 1,575 మంది మగవారికి ఇటువంటి పట్టీలు ఇచ్చి ఇంట్లోనే 14 రోజులు వరుసగా చూసుకొమ్మన్నారు. రక్తం రోజూ రాదు గనుక 14 రోజులు. ఒక్కరోజు పచ్చబడినా పూర్తి పరీక్షకు పిలిచారు. 21 మందికి మూత్రాశయ క్యాన్సరు బయటపడింది. వారిలో కండరంలోకి దిగినది ఒక్కరికే. అదే రాష్ట్రంలో మామూలుగా బయటపడినవారిలో నలుగురికి ఒకరి చొప్పున అప్పటికే కండరంలోకి దిగి ఉన్నది. 14 ఏళ్ల తరువాత చూస్తే, పట్టీ ద్వారా దొరికినవారిలో ఆ జబ్బుతో చనిపోయినవారు ఒక్కరూ లేరు.

అయినను అందరూ ఇలా పరీక్షించుకోవాలని వైద్యసంఘాలు చెప్పడం లేదు. పచ్చబడిన వారిలో ఎక్కువమందికి క్యాన్సరు ఉండదు. రాయో, చీమో, ప్రోస్టేటు వాపో ఉంటుంది. కనుక పట్టీ చూసి ఏడవనక్కరలేదు. పట్టీ మారలేదని, కళ్లారా ఎరుపు చూసినవాడు ఇంట్లో కూర్చోనూ కూడదు. యాభై దాటి, చుట్టో బీడీయో చాలా ఏళ్లు కాల్చినవారు వైద్యుని అడిగి చూసుకోవడం మంచిదని మా ఉద్దేశము.

2019 జూలై 15 తెల్లవారుజామున మన శ్రీహరికోటలో చంద్రయాన్-2 ఎగరడానికి 56 నిమిషాల ముందు లెక్కింపు ఆపేశారు. చూడ వచ్చిన జనం నిరాశతో ఇళ్లకు వెళ్లారు. లోపం సరిచేసి 22న పంపారు. షార్‌లో పనిచేసేవారి ఇళ్లలో "ఒకసారేగా కనబడింది, పోనీలే" అనే మాట వింటే మాకు ఆశ్చర్యమే.

వైద్యుడు ఏమి చేస్తాడు? మూత్రమార్గం గుండా సన్నని గొట్టం పంపి లోపల చూస్తాడు. గడ్డ పైపొరలోనే ఉంటే పొట్ట కోయకుండా అదే దారిన గీకి తీసేస్తారు. కండరంలోకి దిగితే చాలామందికి మూత్రాశయమునే తీసి, పొట్ట మీద సంచి తగిలించవలసి రావచ్చు. గీకిన తరువాత మళ్లీ మొలవకుండా కొందరికి లోపలికి బి.సి.జి. మందు ఎక్కిస్తారు. అవును, పసిపిల్లల చేతికి వేసే ఆ క్షయ టీకాయే! 1976లో కెనడాలో ఆల్వారో మొరాలెస్ అనే వైద్యుడు ఈ వాడకమును ప్రకటించాడు. ఆ టీకాను మన దేశంలో 1948లో మొదలుపెట్టిన తొలి చోట్లలో ఒకటి, అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలోని ఆరోగ్యవరం మిషను శానిటోరియం. ముదిరిన జబ్బుకు ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. దాని పుట్టుకలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి చేయి ఉన్నది.

తిరుపతి స్విమ్స్‌లో, వేలూరు సి.ఎం.సి.లో మూత్రాంగ వైద్యులు ఉన్నారు. సూళ్లూరుపేటలో రైలెక్కితే చెన్నై సెంట్రల్ ఎదురుగానే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి. వెళ్లినప్పుడు "వేడి చేసింది" అని చెప్పకండి. ఏ తేదీన ఎర్రగా వచ్చింది, ఎన్నిసార్లు వచ్చింది, నొప్పి ఉన్నదా, ఎన్నేళ్లుగా చుట్ట కాలుస్తున్నారు, ఈ నాలుగూ కాగితం మీద రాసుకొని వెళ్లండి. చికిత్స అయినవారిని మూడు నెలలకు మళ్లీ గొట్టం పరీక్షకు రమ్మంటారు, ఈ జబ్బు తిరిగివచ్చే గుణము గలది గనుక. ఆ తేదీని గోడ మీది క్యాలెండరులో ఇంటి ఆడపడుచు చేత గుర్తు పెట్టించండి, మగవారు మరిచిపోతారు.