కలుపు లెక్కల్లో చేరని నష్టం: సహజ రోగనిరోధక కణాలు, అలర్జీ, వ్యవసాయ శాస్త్ర బాధ్యత

కలుపు యాజమాన్యంపై జరిగే క్షేత్ర ప్రయోగాలలో కొన్ని కొలతలు తప్పనిసరిగా ఉంటాయి. చదరపు మీటరుకు కలుపు మొక్కల సంఖ్య, వాటి పొడి బరువు, కలుపు నివారణ సామర్థ్యం, దిగుబడి నష్టం, చివరగా రూపాయి పెట్టుబడికి వచ్చిన రాబడి. చేతితో కలుపు తీయడం అనే పద్ధతి ఈ పట్టికల్లో తరచూ కనిపిస్తుంది. దానికైన కూలి ఖర్చు హెక్టారు లెక్కన నమోదవుతుంది. అయితే ఆ కలుపును పీకిన చేతులకు, ఆ పుప్పొడిని పీల్చిన ఊపిరితిత్తులకు ఏం జరిగిందో తెలిపే గడి మాత్రం సాధారణంగా ఉండదు. అది వైద్యశాస్త్రానికి సంబంధించిన విషయమని పక్కన పెట్టడం ఆనవాయితీగా మారింది. అలర్జీ ఎక్కడ, ఏ కణాలతో, ఏ క్షణంలో మొదలవుతుందో గత రెండు దశాబ్దాల పరిశోధనలు స్పష్టం చేస్తున్న కొద్దీ ఈ ఆనవాయితీ సమర్థనీయం కాదని తేలుతున్నది.

సహజ రోగనిరోధకత అనే భావన వ్యవసాయ విద్యార్థులకు కొత్తది కాదు. మొక్కలకు రక్తం లేదు, సంచరించే రక్షణ కణాలు లేవు, ప్రతిరక్షకాలు లేవు. ప్రతి కణం తన వాకిలిని తానే కాచుకోవాలి. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, కణ, అణుజీవశాస్త్ర కేంద్రం కలిసి రూపొందించగా 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరిలో బాక్టీరియా ఆకు ఎండు తెగులును తట్టుకొనే మూడు జన్యువులున్నాయి. వాటిలో ఒకటైన ఎక్స్‌ఎ-21 కణపు పొరపై నిలిచే గ్రాహకాన్ని తయారు చేస్తుంది. శత్రువు ఆనవాలు తగిలిన వెంటనే ఆ గ్రాహకం లోపలికి హెచ్చరిక పంపుతుంది. మనిషి చర్మం, శ్వాసనాళాల గోడలు, వాటి చుట్టూ ఉండే కణాలు చేసే మొదటి పని కూడా ఇటువంటిదే. ఈగలలోనూ, క్షీరదాలలోనూ ఈ హెచ్చరిక వ్యవస్థను వివరించినందుకు జూల్స్ హాఫ్‌మన్, బ్రూస్ బాయిట్లర్‌లకు, డెండ్రిటిక్ కణాలను కనుగొన్నందుకు రాల్ఫ్ స్టైన్‌మన్‌కు 2011లో నోబెల్ బహుమతి లభించింది.

అలర్జీని చాలాకాలం ప్రతిరక్షకాల కథగానే బోధించారు. పుప్పొడికి వ్యతిరేకంగా శరీరం ఇమ్యునోగ్లోబులిన్-ఇ తయారు చేస్తుంది; అది మాస్ట్ కణాలను అంటిపెట్టుకుని ఉంటుంది; మళ్ళీ అదే పుప్పొడి తగిలితే ఆ కణాలు హిస్టమిన్‌ను వెదజల్లుతాయి; తుమ్ములు, దురద, ఆయాసం మొదలవుతాయి. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఇది కథ ఉత్తరార్ధం మాత్రమే. అసలు ఆ ప్రతిరక్షకం తయారు కావాలన్న నిర్ణయం ఎవరు తీసుకున్నారన్నది పూర్వార్ధం. ఆ నిర్ణయం శ్వాసనాళపు గోడ దగ్గర, చర్మపు పైపొర దగ్గర మొదలవుతుంది. అక్కడి కణాలు దెబ్బతిన్నప్పుడు ఇంటర్‌ల్యూకిన్-33, టిఎస్‌ఎల్‌పి వంటి హెచ్చరిక ప్రోటీన్లను విడుదల చేస్తాయి. సమీపంలో ఉండే రెండవ తరగతి సహజ లింఫాయిడ్ కణాలు వాటిని అందుకుని ఇంటర్‌ల్యూకిన్-5, ఇంటర్‌ల్యూకిన్-13 లను ఉత్పత్తి చేస్తాయి. మొదటిది ఇయోసినోఫిల్ కణాలను పెంచి రప్పిస్తుంది. రెండవది శ్లేష్మాన్ని పెంచుతుంది, శ్వాసనాళాలను అతిసున్నితం చేస్తుంది. ఇంతలో డెండ్రిటిక్ కణాలు ఆ పదార్థపు ఆనవాలును లింఫ్ గ్రంథులకు చేరవేసి, టి-కణాలకు దానిని శత్రువుగా పరిచయం చేస్తాయి. జ్ఞాపకం అక్కడ ఏర్పడుతుంది.

ఈ లింఫాయిడ్ కణాలను 2010లో మూడు పరిశోధక బృందాలు దాదాపు ఏకకాలంలో వర్ణించాయి. వాటి శక్తిని నిరూపించిన ప్రయోగాలలో వాడిన పదార్థాలు వ్యవసాయదారులకు చిరపరిచితాలు. ఒకటి పచ్చి బొప్పాయి కాయల పాల నుంచి తీసే పపైన్ ఎంజైము. రెండవది ఆల్టర్నేరియా శిలీంధ్రం. అనేక పంటలపై ఆకుమచ్చలు కలిగించేది, తడిసిన చొప్పపై, గడ్డిపై పెరిగేది. టి-కణాలు గాని బి-కణాలు గాని లేని ఎలుకల ముక్కులో వీటిని వేసినా ఊపిరితిత్తులలోకి ఇయోసినోఫిల్స్ చేరి వాపు వచ్చింది. అంటే ప్రతిరక్షకాలు అసలే లేకపోయినా సహజ కణాలు తమంతట తామే అలర్జీ తరహా వాపును ప్రారంభించగలవు. ఈ రెండు పదార్థాలకూ ప్రోటీన్లను ఛేదించే గుణం ఉండటం గమనార్హం. పపైన్‌తో పనిచేసే కార్మికులలో ఉబ్బసం వైద్యులకు ఎప్పటినుంచో తెలిసిన విషయమే.

ఈ నేపథ్యంలో వయ్యారిభామను పరిశీలించాలి. 1950ల మధ్యలో పుణె ప్రాంతంలో దృష్టికి వచ్చిన ఈ అమెరికా ఖండపు మొక్క, కాంగ్రెస్ గడ్డి అనే మరో పేరుతో తెలుగు పల్లెల గట్లనూ, బీళ్లనూ, రోడ్ల అంచులనూ ఆక్రమించింది. దీని వల్ల కలిగే బాధ రెండు విధాలు. పుప్పొడి ముక్కుకు చేరితే తుమ్ములు, ముక్కు కారడం, కొందరిలో ఆయాసం. ఇది ఇమ్యునోగ్లోబులిన్-ఇ మార్గం. మొక్కపై ఉండే నూగులోని పార్థెనిన్ చర్మానికి తగిలితే దురద, ఎర్రదనం, తామర వంటి మందమైన పొర. ఇది టి-కణాల మార్గం. కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజుల ఆలస్యంతో బయటపడుతుంది. పార్థెనిన్ చిన్న అణువు. చర్మంలోని ప్రోటీన్లతో బంధించుకున్న తరువాతే అది శరీరానికి పరాయిదిగా కనిపిస్తుంది. మార్గాలు వేరైనా రెండింటికీ ముఖద్వారం ఒక్కటే: దెబ్బతిన్న పైపొర, అక్కడ మోగిన మొదటి హెచ్చరిక, ఆ వార్తను మోసుకుపోయిన సహజ కణాలు. ఒకసారి జ్ఞాపకం ఏర్పడ్డాక కలుపు పీకనవసరం లేదు. గాలికి ఎగిరి వచ్చిన ఎండుటాకు పొడి కనురెప్పలకు, మెడకు తగిలినా చాలు. అటువంటి కూలీకి పొలం పని మానుకోవడమో, బాధతో బతకడమో తప్ప మూడో దారి మిగలదు.

కాబట్టి వ్యవసాయ శాస్త్రం జోక్యం చేసుకోగల కాలం ఒకటే: జ్ఞాపకం ఏర్పడక ముందు. ఆ తరువాతిది వైద్యుల పని. అది ఖరీదైన పని కూడా. టిఎస్‌ఎల్‌పిని అడ్డుకునే టెజెపెలుమాబ్ అనే ఔషధానికి తీవ్రమైన ఉబ్బసం చికిత్స నిమిత్తం 2021లో అమెరికాలో అనుమతి లభించింది. ఆ మొదటి హెచ్చరికను ఆపితే మనుషులలోనూ వ్యాధి తగ్గుతుందనడానికి ఇది బలమైన రుజువు. కానీ దినకూలీకి అటువంటి మందు అందుబాటులో లేదు. అదే హెచ్చరికను పొలం గట్టు మీద, ఒక జత చేతి తొడుగులతో, సరైన సమయంలో తీసిన కలుపుతో మోగకుండా చేయవచ్చు.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. పొలం దుమ్ములో పెరిగినవారికి అలర్జీ తక్కువ కదా, మరి ఆ దుమ్ము నుంచి కాపాడాలనడం ఎందుకు? ఈ ప్రశ్న పాతదే. పుప్పొడికి అందరికంటే ఎక్కువగా గురయ్యే రైతులలో గడ్డి జ్వరం అరుదని ఇంగ్లండుకు చెందిన చార్లెస్ బ్లాక్లీ 1873లోనే గుర్తించాడు. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన అధ్యయనం దీనికి ఆధునిక సమాధానమిచ్చింది. అమెరికాలోని ఆమిష్, హట్టరైట్ సమాజాలు రెండూ మధ్య ఐరోపా మూలాలున్న వ్యవసాయ సమాజాలే. ఆమిష్‌లు ఇంటి పక్కనే పశువులను పెంచి, గుర్రాలతో సేద్యం చేస్తారు. హట్టరైట్లది యంత్రాలతో సాగే పెద్ద క్షేత్రాల సేద్యం. ఆమిష్ పిల్లలలో ఉబ్బసం, అలర్జీ గుణం హట్టరైట్ పిల్లలలో కంటే అనేక రెట్లు తక్కువ. ఆమిష్ ఇళ్ల దుమ్ములో బాక్టీరియా పైపొరకు చెందిన ఎండోటాక్సిన్ 6.8 రెట్లు ఎక్కువ. ఆ దుమ్ము సారాన్ని ఎలుకల ముక్కులో వేస్తే అలర్జీ ఉబ్బసం అణగింది. సహజ రోగనిరోధక సంకేతాలకు అవసరమైన రెండు ప్రోటీన్లను తొలగించిన ఎలుకలలో ఆ రక్షణ మాయమైంది. పశువుల కొట్టం దుమ్ము శిశుప్రాయంలోనే సహజ కణాలకు ఓర్పు నేర్పుతుందని దీని భావం.

అయితే ఈ ఫలితాన్ని ఎంతవరకు సాగదీయాలో విజ్ఞత అవసరం. ఆ రక్షణ బాల్యానిది, పశువులతో కూడిన ఇంటి పరిసరాలది. ముప్పై ఏళ్ల వయసులో వయ్యారిభామను ఒట్టి చేతులతో పీకే మహిళకు, నూర్పిడి యంత్రం ముందు ఊక దుమ్ములో నిలబడే యువకుడికి అది కవచం కాదు. బూజు పట్టిన గడ్డిని పీల్చిన రైతులకు వచ్చే ‘రైతు ఊపిరితిత్తి’ వ్యాధి కూడా పొలం దుమ్ము ఫలితమే. దుమ్ము అనేది ఒకే పదార్థం కాదు. అందులో ఏముంది, ఏ వయసులో తగిలింది, ఎంత మోతాదులో, దెబ్బతిన్న పొరపైనా, ఆరోగ్యకరమైన పొరపైనా అన్న నాలుగు ప్రశ్నలకు జవాబును బట్టి అవే కణాలు ఓర్పునూ నేర్చుకుంటాయి, వైరాన్నీ నేర్చుకుంటాయి. ఎరువు మోతాదును, వేసే సమయాన్ని, వేసే చోటును బట్టి ఫలితం మారుతుందని బోధించే శాస్త్రానికి ఈ సూత్రం అర్థం కాకపోదు.

ఇక చేయవలసినవి. మొదటిది, వయ్యారిభామ నిర్మూలనలో సమయం. మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాలలో ఈ మొక్క పూతకు వస్తుంది. పూతకు ముందే తీయాలన్న సిఫారసు విత్తనం రాలకుండా ఉండటానికే అన్నట్లు ఇప్పటివరకు బోధించారు. పుప్పొడి పుట్టకుండా ఉండటానికి కూడా అని ఇకమీదట చెప్పాలి. దేశవ్యాప్తంగా అవగాహన వారోత్సవం ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు జరుగుతుంది. జూన్ వానలకు మొలిచిన మొక్కలు అప్పటికే పూసి ఉంటాయి. తెలుగు జిల్లాలలో తొలకరి పడిన మూడు నాలుగు వారాలకే ఒక విడత ఏరివేత జరపడం ఉచితం.

రెండవది, రక్షణ. కలుపు ఏరివేత కార్యక్రమాలకు విద్యార్థులను పంపేటప్పుడు చేతి తొడుగులు, పొడవు చేతుల చొక్కా, ముక్కుకు మాస్కు లేకుండా పంపకూడదు. జ్ఞాపకం ఇంకా ఏర్పడని శరీరాలు వారివే. పని ముగిశాక సబ్బుతో కడుక్కోవడం, వేసుకున్న బట్టలను విడిగా ఉతకడం, ముందే దురద ఉన్నవారిని ఆ పనికి దూరంగా ఉంచడం సిఫారసుల్లో చేరాలి. పీకిన మొక్కలను గట్టు మీద ఎండబెట్టి వదిలేస్తే వాటి పొడి గాలికి లేస్తుంది. పూతకు ముందే గుంతలో వేసి కంపోస్టు చేయడం మేలు. 1984లో బెంగళూరులో విడుదల చేసిన మెక్సికో పెంకు పురుగు వంటి జీవ నియంత్రణకు ఉన్న అదనపు విలువ కూడా ఇక్కడే ఉంది: అది పనిచేసిన మేరకు ఆ మొక్కకు మనిషి చేయి తగలనవసరం తగ్గుతుంది.

మూడవది, కొలత. కలుపు ప్రయోగాలలో పనిచేసినవారి చర్మ, శ్వాస ఇబ్బందులను ఒక సాధారణ పత్రంలో నమోదు చేయడానికి పెద్ద ఖర్చు కాదు. పరిశోధనా స్థానాల వాతావరణ కేంద్రాల పక్కన పుప్పొడిని, శిలీంధ్ర బీజాలను పట్టే పరికరం ఉంటే, ఏ వారంలో గాలిలో ఏముందో తెలుస్తుంది. సమీప వైద్య కళాశాలతో కలిసి ఆ రెండింటినీ పోల్చడం స్నాతకోత్తర విద్యార్థికి చక్కని పరిశోధనాంశం.

దిగుబడిని మాత్రమే కొలిచే శాస్త్రానికి దిగుబడి మాత్రమే కనిపిస్తుంది. ఎకరానికి ఎన్ని బస్తాలు మిగిలాయన్న లెక్కతో పాటు, వాటిని మిగిల్చిన మనిషి వచ్చే ఏడాది కూడా అదే పొలంలోకి ఆరోగ్యంగా దిగగలిగిందా అన్న లెక్క కూడా వ్యవసాయ శాస్త్రానిదే. ఆ గడిని పట్టికలో చేర్చే పని ఈ వానాకాలం ప్రయోగాలతోనే మొదలుకావచ్చు.