కంపము ముగిసిన పిదప

మొన్న నొక సభలో, 2004 డిసెంబరు 26 నాటి సుమత్రా భూకంపమును ఆకాశమునుండి తూచిన వృత్తాంతమును నేను వివరించుచుండగా, విద్యావంతుడైన పెద్దమనిషి యొకరు నడుమ లేచి, "ముందుగా చెప్పలేనప్పుడు ఇది మనకెందుకండీ?" అని యడుగుటయు, సభ యంతయు చప్పట్లు చరచెను. ఆ చప్పట్లు ఈ వారమంతయు నా చెవులలో మ్రోగుచునే యున్నవి.

జోస్యము చెప్పనిది శాస్త్రమే కాదను భావము మనలో నెంత లోతుగా వేరూనినది! నేనా సభలో వివరించుచుండిన దిది: 2002 మార్చిలో అమెరికా, జర్మనీ దేశములు ప్రయోగించిన గ్రేస్ జంట ఉపగ్రహములు సుమారు 220 కిలోమీటర్ల ఎడముతో ఒకదాని వెనుక నొకటి పరిభ్రమించుచు, క్రింద ద్రవ్యరాశి యధికముగా నున్న తావు సమీపించినపుడు ముందుది కొంచెము ముందునకు లాగబడగా, ఆ ఎడములోని మార్పును వెండ్రుక మందముకంటె సూక్ష్మముగా కొలిచినవి. భూకంపలేఖిని ప్రకంపనమును పట్టగలదు. అది యణగిన పిదప సాగరగర్భమున నెంత శిల యెటు జరిగి నిలిచినదో దానివలన తెలియుట కష్టము. శాస్త్రవేత్త షిన్-చాన్ హాన్ బృందము 2006లో ఈ కొలతలనుండియే, సుమత్రా కంపమున సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున చీలిన భ్రంశమునకు తూర్పున, అండమాను సముద్రపు దెసను, గురుత్వము శతకోటిలో దాదాపు పదునైదు వంతులు తగ్గినదనియు, శిల వ్యాకోచించి సాంద్రత కోల్పోవుట యందొక కారణమనియు వెల్లడించెను. ఆ తగ్గుదలయు నిలుకడగా నుండలేదు. కంపము నిమిషములలో ముగిసినను, లోపలి భూప్రావారము చిక్కని పాకమువలె ఏండ్ల తరబడి సర్దుకొనుచునే యుండెను. 2010లో చిలీయందును, 2011లో జపానునందును సంభవించిన మహాకంపములను గూడ ఈ జంటయే తూచినది.

హైదరాబాదులో 2007 నుండి పనిచేయుచున్న సునామీ హెచ్చరిక కేంద్రము సయితము జోస్యము చెప్పదు. భూమి కంపించిన తరువాతనే లెక్కలు కట్టి, అల తీరము చేరకమునుపే తీరవాసులను మేల్కొల్పజూచును. దానిని నిరర్థకమని యెవ్వరనగలరు?

అదియునుగాక, ముందుగా చెప్పిన మాటనైనను మనము వింటిమా? 2002 ఆగస్టు మొదలు 2008 అక్టోబరు వరకు పంజాబు, హర్యానా, రాజస్థాన్ ప్రాంతములందు 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలము హరించుకొనిపోయెనని ఈ ఉపగ్రహముల కొలతలే చెప్పినవి. 2009లోనే ఆ లెక్క అచ్చయినది. అది నాగార్జునసాగరమును తొమ్మిది మారులు నింపినను మిగులు నీరు. ఇక్కడ మన అనంతపురపు రైతు, ఎండిన బోరు ప్రక్కనే అప్పుచేసి, మరింత లోతుగా ఇంకొక బోరు వేయించుచునే యున్నాడు. ఆ పెద్దమనిషి మరల కనబడినచో ఈ లెక్కను ఆయన ముందుంచి, దీనిని వినుటకేమి యడ్డము వచ్చినదని యడుగదలచితిని.